ముందు గుండీల చొక్కాలు

భీమవరం,
గురువారం రాత్రి

అమ్ములూ,

రేపు పొద్దున్నే నాన్న ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తారు. రాగానే వెళ్లి తెచ్చుకో. అందులో నాలుగు చొక్కాలు, రెండు పైజమాలు, ఈ ఉత్తరం. చొక్కాలు నాన్నవే, కాలరు అరిగిపోయినవి. కాలరు ఊడదీసి, పక్కలు లోపలికి పట్టి, నీ కొలతకి తగ్గించాను. సోమవారం నీ ఫిట్స్ పరీక్షకి ఆస్పత్రిలో చేరి, తలకి వైర్లు అంటించాక టీషర్టులూ కుర్తీలూ ఏవీ తల మీంచి దూరవు, ముందు గుండీలున్నవే తెచ్చుకోమని ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితంలో రాశారు కదా. చేతికి సూది పెట్టి ఉంచుతారట, అందుకని కాజాలు కాస్త వదులుగా కుట్టాను. ఒంటి చేత్తో పెట్టుకోవచ్చు.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్లో నేను మొదలుపెడితే "అమ్మా, టెన్షన్ పెట్టకు" అని పెట్టేస్తావు. పోనీ ఆస్పత్రిలో చెబుదామంటే అక్కడ కెమెరాతో పాటు మైకు కూడా ఉంటుందట. మనం మాట్లాడుకునేదంతా రాత్రీ పగలూ రికార్డవుతుంది. నేను చెప్పాలనుకున్నది అవతల గదిలో ఎవరో వింటుండగా చెప్పలేను.

మొన్న డాక్టరుగారు ఒక మాట అడిగారు, గుర్తుందా? "ఫిట్స్ వచ్చినప్పుడు ఏ చెయ్యి బిగుసుకుంటుందమ్మా?" అని. నేను కుడి అన్నాను. నాన్న ఎడమ అన్నారు. ఇద్దరం ఒకేసారి అన్నాం. నువ్వు మా మొహాలు చూసి నవ్వావు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. నీ పదకొండో ఏట మొదలైంది, ఇప్పుడు ఇరవై. తొమ్మిదేళ్లుగా చూస్తున్నదాన్ని, ఏ చెయ్యో చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది. నేనెప్పుడూ నీ ఎదురుగా కూర్చుని మొహం పట్టుకుంటాను. నాన్న వెనకనుంచి పట్టుకుంటారు. నాకు కుడి వైపు కనబడేది నీ ఎడమ చెయ్యి. అంటే నాన్న చెప్పిందే నిజం. ఊళ్లో సగంమంది జాకెట్లు నా చేతి మీదుగా పోతాయి, ఎదుటి మనిషి కుడి ఎడమలు ఏనాడూ తారుమారు కాలేదు. నీ దగ్గర మాత్రం కంగారే తప్ప చూపు లేదు.

ఆ చెయ్యితో వాళ్లకేం పనో కూడా అడిగాను. ఎడమ చెయ్యి బిగుసుకుంటే మామూలుగా మెదడులో కుడి పక్క మొదలవుతున్నట్టట. అయితే మా మాట మీదా, ఫోన్లో తీసిన ఆ వణికిపోయిన వీడియో మీదా వాళ్లు తేల్చరు. తలకి వైర్లు పెట్టి మెదడు గీతలు తీసే ఈఈజీ అరగంట చొప్పున రెండుసార్లు తీశారు, రెండుసార్లూ నార్మల్ అనే వచ్చింది. ఫిట్స్ రానప్పుడు తీస్తే నార్మల్ రావడంలో వింతేముంది, దొంగ లేనప్పుడు ఇల్లు వెతికినట్టు. అందుకే ఈసారి వచ్చేదాకా కాపు కాస్తారు. ఒక పక్క మెదడు గీతలు, ఒక పక్క వీడియో, రెండూ ఒకే గడియారం మీద నడుస్తాయి. రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగలేదంటే మూడోది వేసినా పూర్తిగా ఆగే అవకాశం తక్కువట. మొదలయ్యేది ఒకే చోట నుంచి అయితే, ఆ చోటు తీసినా ప్రమాదం లేదనుకుంటే, అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడతారు. ఇప్పుడే దాని గురించి భయపడకు. ఇది చూడటానికి వెళ్లడమే, కొయ్యడానికి కాదు.

ఇక అసలు సంగతి. నీ ఫిట్స్ నువ్వెప్పుడూ చూసుకోలేదు. అడిగినప్పుడల్లా "ఏం లేదే, కాసేపు అలా ఉండిపోయావు" అని దాటేశాను. అక్కడ తర్వాత వీడియో చూపించినా చూపించొచ్చు. మొదటిసారి తెర మీద చూసే కంటే నా నోటి మాటగా ముందు తెలియడం మేలు.

కడుపులోంచి ఏదో పైకి లేస్తున్నట్టుందని నువ్వు చెబుతావే, దాని తర్వాత నీ చూపు ఒకచోట ఆగిపోతుంది. పిలిస్తే పలకవు. పెదాలు చప్పరిస్తావు, చింతపండు నోట్లో పెట్టుకున్నట్టు. ఒక చేత్తో చున్నీ అంచు పట్టుకుని నలుపుతూనే ఉంటావు, రెండో చెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి కర్రలా అయిపోతుంది. అంతా కలిపి ఒకటిన్నర నిమిషం. ఒకసారి నేను గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. తర్వాత ఇటూ అటూ చూసి, మొదటి మాటగా "అన్నం తిన్నామా?" అంటావు. ప్రతిసారీ అదే మాట. చూసినవాళ్లకి భయం వేస్తుంది, నిజమే. కానీ నువ్వు ఇన్నేళ్లు ఊహించుకున్నంత ఘోరంగా ఏమీ ఉండదు. అలా ఊహించుకుంటూ ఉంటావని నాకు తెలిసి కూడా చెప్పలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. నీ కనుబొమ్మ మీది గీత బాత్రూంలో జారి పడటం వల్ల అని అందరికీ చెప్పాం. జారడం కాదు. ఎవరో చుట్టం మాట విని మూడు నెలలు మాత్రలు ఆపి పసరు మందు పొడి పట్టించాను. దాని ఫలితం అది. నాన్నకి తెలుసు, నీకే చెప్పలేదు. నీ చేతిలో తాళాల గుత్తి పెట్టిన రోజులు కూడా అవే. ఇనుము పట్టుకుంటే ఆగుతుందనేవాళ్లు. ఒకటిన్నర నిమిషానికి అదే ఆగేది, మేం తాళాలకి దణ్ణం పెట్టేవాళ్లం.

హాస్టల్లో ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నది కూడా నేనే. పెళ్లి మాటలప్పుడు ఇబ్బంది అని. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డమైన జబ్బుల్లో మూర్ఛ ఉండేదట, 1999లోనే తీసేశారని ఓపీలో ఒకావిడ చెప్పింది. చట్టం నువ్వు పుట్టకముందే వదిలేసినదాన్ని నేనింకా కొంగున కట్టుకు తిరుగుతున్నాను. నీ రూమ్మేట్‌కి చెప్పు. ఎప్పుడైనా వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పెట్టొద్దని, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమని చెప్పు. చాలు.

నువ్వూ నా దగ్గర దాచావని నాకు తెలుసు. డైరీలో నెలకి రెండని రాశావు. పోయిన నెల నువ్వొచ్చినప్పుడు నీ పుస్తకాల్లో మధ్యలో ఆగిపోయి పిచ్చిగీతలైన పేజీలు చూశాను. నాకు చెప్పకపోయినా పరవాలేదు, డాక్టరుగారికి మాత్రం సరైన లెక్క చెప్పు. ఎన్ని వస్తున్నాయో తెలిస్తేనే ఎన్నిరోజులు ఉంచాలో, అక్కడ ఫిట్స్ రావడానికి మాత్రలు ఎంత తగ్గించాలో వాళ్లు చూసుకుంటారు. అన్నట్టు, ఎలాగూ తగ్గిస్తారు కదా అని ముందుగానే నువ్వు మానేయకు. సోమవారం పొద్దుటి మాత్ర కూడా వేసుకునే రా. తగ్గించడం అంటూ జరిగితే అక్కడే, వాళ్ల కళ్లముందే. చేతికి సూది, పక్కన ఆక్సిజన్, మంచానికి మెత్తలు కట్టిన కమ్మీలు, ఇవన్నీ అందుకే.

వైర్లు పెట్టడం చూస్తే నీకు మన దుకాణం గుర్తొస్తుంది. పోయినసారి ఈఈజీకి నేను పక్కనే నిలబడి చూశాను. టేపు పెట్టి ముక్కు మొదలు నుంచి వెనక తల గుబ్బ దాకా కొలుస్తారు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలుస్తారు. ఆ కొలతలో పదో వంతు, ఐదో వంతు లెక్కగట్టి రంగు పెన్సిల్‌తో గుర్తులు పెడతారు, నేను సుద్దతో పెట్టినట్టే. ఇరవై దాకా గుర్తులు. ఎడమ పక్కవన్నీ బేసి అంకెలు, కుడి పక్కవన్నీ సరి అంకెలు. నాకు అది భలే నచ్చింది, కుడి ఎడమల తగాదా లేకుండా. ఈసారి చాలారోజులు ఉండాలి కాబట్టి జిగురుతో అంటించి, పైన గుడ్డ కట్టు కడతారట. ఘాటు వాసన వస్తుంది, రెండో రోజుకి దురద కూడా. గోకితే వైరు ఊడుతుంది, మళ్లీ పెడతారు. ఆదివారం తలంటుకో. నూనె మాత్రం చుక్క కూడా పెట్టకు, కండిషనరూ వద్దు.

మంచం దగ్గరే ఉండాలి, కెమెరాకి కనబడేలా. బాత్రూంకి వెళ్లొచ్చు, నేను తోడొస్తాను, గడియ పెట్టుకోకూడదు. సిగ్గుపడకు, నిన్ను కన్నదాన్ని. నిద్ర తగ్గించమంటే రాత్రి రెండింటిదాకా మేలుకోవాలి. పేకముక్కలు తెస్తున్నాను. చూయింగ్ గమ్ తెచ్చుకోకు, దవడ ఆడితే గీతలన్నీ అలుక్కుపోతాయట.

నాకు కష్టమనిపించేది ఒక్కటే. లోపల కడుపులో మొదలైందని నీకు తెలియగానే బటన్ నొక్కాలి, నువ్వు నొక్కలేకపోతే నేను నొక్కాలి. దుప్పటి తీసేయాలి. తర్వాత పక్కకి జరిగిపోవాలి. నర్సు వచ్చి నీ పేరు అడుగుతుంది, చెయ్యి ఎత్తమంటుంది, ఏదో ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంటుంది. నేను మాత్రం ఎదురుగా రాకూడదు. నీ మొహం పట్టుకోకూడదు, కెమెరాకి అడ్డమట. తొమ్మిదేళ్లుగా చేసింది ఆ ఒక్క పనే. ఈ వారం రాత్రుళ్లు పడుకుని చేతులు వెనక్కి కట్టుకోవడం ప్రాక్టీస్ చేస్తున్నాను, నాన్న నవ్వుతున్నారు.

నిన్న మావుళ్లమ్మ గుడికి వెళ్లాను. ఇన్నేళ్లూ రాకుండా చూడు తల్లీ అని మొక్కినదాన్ని, ఇప్పుడు రావాలని ఎలా అడగను? ఒకటి చాలదట, రెండు మూడైనా దొరకాలట. వారం ఉన్నా ఒక్కటీ రానివాళ్లు కూడా ఉంటారట. కాసేపు నిలబడి, ఏమీ అడగకుండానే కుంకుమ పెట్టుకుని వచ్చేశాను. రాకపోతే నీ తప్పు కాదు, మళ్లీ వెళ్దాం.

ఆదివారం రాత్రి బండికి బయల్దేరుతున్నాం. మేం హాస్టల్‌కి వచ్చాకే కదులు, ఒక్కదానివే ఆటో ఎక్కకు. ఎంఆర్ఐ ఫిల్ములు, పాత చీటీలు నా దగ్గరున్నాయి. ఇప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు నువ్వు తీసి పెట్టు.

చొక్కాలు ఇవాళే వేసి చూసుకో. చంకల కింద పట్టేస్తే ఫోన్ చెయ్యి, ఇంకో జత ఉంది. మిషను మీద కవరు వెయ్యలేదింకా.

అమ్మ