మన్యం రైతుల మాట వర్షపాతం లెక్కల్లోకి రావాలి

సంపాదకులకు,

అయ్యా,

చలికాలం వచ్చిందంటే లంబసింగిలో ఉష్ణోగ్రత ఎంతకు పడిపోయిందో పత్రికల్లో తప్పక చదువుతాం. అవే కొండల్లో ఏడాది పొడవునా బతికే గిరిజన రైతులు కాలం గురించి ఏమనుకుంటున్నారో మాత్రం ఎక్కడా పెద్దగా కనిపించదు. పాడేరు ఏజెన్సీలో ఇరవై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ మాటలు దగ్గరగా విన్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

‘వాతావరణ మార్పు’ అనే మాట నేను అక్కడ ఎవరి నోటా వినలేదు. ‘కాలం తప్పింది’ అంటారు. ఒకసారి ఒక పెద్దావిడ తన తోటలో కాఫీ కొమ్మ వంచి చూపించింది. ఆ ఒక్క కొమ్మకే ఎర్రటి పండ్లు, దోర కాయలు, పచ్చి కాయలు, వాటి పక్కనే ఇంకా మిరియపు గింజంత కూడా లేని పిందెలు ఉన్నాయి. “వాన పడుతోంది మాస్టారూ, వేళకే పడటం లేదు” అంది. వేసవి మొదట్లో ఒక మంచి పూత వాన పడితే తొమ్మిది పది రోజులకు తోటంతా ఒక్కసారిగా పూస్తుంది, కాయ కూడా దాదాపు ఒకేసారి పండుతుంది. జనవరిలోనే చిన్న జల్లు పడితే కొన్ని మొగ్గలు ముందే విచ్చుకుంటాయి, మిగిలినవి మరో వాన కోసం ఆగుతాయి. అలాంటి ఏడాది పండిన కాయ పండినట్టు ఏరుకోవడానికి అదే తోటకు నాలుగైదు సార్లు ఎక్కాలి. తీరా పండ్లు ఆరబోశాక తుపాను వాన వస్తే గింజకు బూజు పట్టి ధర పడిపోతుంది. ఇంత నష్టం జరిగినా ఏడాది మొత్తం కురిసిన వానను కూడితే లెక్క సరిపోతుంది, మండలంలో వర్షపాతం సాధారణమని నమోదవుతుంది.

ఊటల సంగతి ఇంతకంటే బాధాకరం. కొండ ఊట నుంచి గొట్టం ద్వారా కిందికి నీరు తెచ్చే గ్రావిటీ పథకమే చాలా ఊళ్లకు తాగునీటి ఆధారం. ఒకప్పుడు వేసవి అంతా పారిన ఊట ఇప్పుడు ముందే సన్నబడుతోందని, గెడ్డలో, అంటే కొండవాగులో, చలమ తీసి, ఆనపకాయ బుర్రతో నీళ్లు తోడుకోవాల్సి వస్తోందని ఆడవాళ్లు చెబుతారు.

దీనికి కారణం అడిగితే వారు ఆకాశాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టరు. కొండ మీద చెట్టు పోయిందని, అందుకే నీరు నిలవడం లేదని అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పెద్ద ఎత్తున కూల్చేసిన సంగతి కూడా తలచుకుంటారు. ఇది అడవి నరికివేత వల్ల వచ్చిన చిక్కే తప్ప వాతావరణ మార్పు కాదని కొందరు చదువుకున్నవారు కొట్టిపారేయడం నేను విన్నాను. అది సరికాదు. అడవి పలచబడిన కొండ మీద అకాల వాన, ఎండ రెండూ మరింత గట్టిగా దెబ్బ తీస్తాయి. అడవి పోవడాన్నీ కాలం తప్పడాన్నీ కలిపి చూడటం అజ్ఞానం కాదు, అనుభవం. జ్ఞాపకం పొరపడవచ్చన్న మాట నిజమే. అందుకే దాని పక్కన కొలత కూడా ఉండాలంటున్నాను.

కొండ ప్రాంతంలో ఒక మలుపు దాటితే వాన తీరు మారిపోతుంది. మండలాన్ని యూనిట్‌గా తీసుకుని కరవును నిర్ణయించే పద్ధతి మైదానాల్లో ఎంతవరకు నప్పుతుందో గాని, ఇక్కడ మాత్రం నప్పదు. ప్రతి పంచాయతీలో ఒక వర్షమాపకం పెట్టి, చదువుకున్న స్థానిక యువతకు కొద్దిపాటి గౌరవ వేతనంతో నమోదు బాధ్యత అప్పగించాలి. పూత ఎప్పుడు వచ్చిందో, ఊట ఏ నెలలో సన్నబడిందో, విత్తు ఎప్పుడు పడిందో అదే పుస్తకంలో రాయించాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఆదివాసీల జ్ఞానానికి విలువ ఇవ్వాలని వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2022 నివేదికలోనూ చెప్పింది.

ఏజెన్సీలో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. చైత్రంలో ఇటుకల పండుగకు ఊరంతా ఒకచోట చేరి, విత్తనాలను దేవుడి ముందు పెట్టుకునే రోజుల్లోనే గ్రామసభ జరిపి, ఆ పుస్తకాన్ని అందరి ముందూ కువి, ఆదివాసీ ఒడియా వంటి వారి భాషల్లో చదివి వినిపించి, తప్పులుంటే అక్కడే దిద్దాలి. పంట నష్టం లెక్కగట్టేటప్పుడు, తాగునీటి పథకానికి ఊటను ఎంచుకునేటప్పుడు అధికారులు మండల సగటుతో పాటు ఈ పుస్తకాన్ని కూడా తెరిచి చూసేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా