ఆటిజం ‘నయం’ చేస్తామన్న మీ ప్రకటనపైన, మా అబ్బాయి వీడియోపైన ఫిర్యాదు

విజయనగరం,
5 ఆగస్టు 2024

మేనేజింగ్ డైరెక్టరు గారికి,

విషయం: మీ థెరపీ సంస్థ విజయనగరం శాఖలో ఆరు నెలల ‘ఆటిజం విముక్తి’ కోర్సు - వీడియో తొలగింపు, కట్టిన డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను ఆర్టీసీలో కండక్టరును. నిరుడు సిరిమానోత్సవం రోజుల్లో మూడు లాంతర్ల దగ్గర మీ పెద్ద బోర్డు చూశాను. ‘మీ బిడ్డలో దాగి ఉన్న అసలు బిడ్డను మీకు తిరిగి ఇస్తాం’ అని రాసి ఉంది. అప్పుడు మా అబ్బాయికి ఆరేళ్లు. మాటలు లేవు. ఆ జనసందోహంలో నా భుజాల మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుని ఏడుస్తున్నాడు. అలాంటి సమయంలో ఆ వాక్యం ఒక తండ్రిని ఎక్కడ పట్టుకుంటుందో రాసినవారికి బాగా తెలుసు.

మరుసటి వారమే మీ శాఖకు వెళ్లాం. ఏడేళ్లు నిండితే మెదడు తలుపులు మూసుకుంటాయని, ఆలోగా చేరితే ఆటిజం పూర్తిగా నయమవుతుందని మీ కౌన్సెలరు నాకూ నా భార్యకూ చెప్పారు. పీఎఫ్ మీద అప్పు తీసుకుని నవంబరులో 1,45,000 రూపాయలు కట్టాను. ఒంట్లోని విషలోహాలను కడిగేస్తుందంటూ ఇచ్చిన పొడికి మరో 18,600 అయింది. ఆ డబ్బా మీద ఏమేమి కలిశాయో ఒక్క అక్షరం లేదు. పిల్లల డాక్టరుకు చూపిస్తే అప్పటికప్పుడు ఆపించారు. ఆటిజం తగ్గుతుందని లోహాలను తీసే మందు ఎక్కించగా 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అయిదేళ్ల బాబు ప్రాణం పోయిందని ఆయన చెప్పారు. ఆ పొడిని రోజూ పెరుగులో కలిపి తినిపించింది నా భార్య. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

డబ్బు కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది.

మావాడికి బస్సు బోర్డులంటే ప్రాణం. డిపోలో పాతబడి తీసేసిన రేకు బోర్డులు అడిగి తెచ్చి ఇచ్చాను. చీపురుపల్లి, నెల్లిమర్ల, గజపతినగరం. వాటిని గోడవారగా నిలబెట్టి, ఎదురుగా కూర్చుని, చేతులు రెక్కల్లా ఆడించేవాడు. మీ థెరపిస్టు మొదటి వారంలోనే ఈ రెంటినీ రోగలక్షణాల కింద రాసి, బోర్డులు దాచేయమన్నారు. అటక మీద పెట్టాను. తొమ్మిది రోజులు వాడు ఇల్లంతా వెతికాడు. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, చివరికి నా ఖాకీ చొక్కా జేబుల్లో కూడా. గట్టిగా ఉండండి, మధ్యలో జాలిపడితే చేసినదంతా పోతుందన్నారు మీవాళ్లు. గట్టిగానే ఉన్నాను. ఆ తొమ్మిది రోజులకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

మీ దగ్గర చేతులు ఆడించినప్పుడల్లా పట్టుకుని ఒళ్లో పెట్టించేవారు. ప్రతి నెలా రిపోర్టులో ‘నయమైన శాతం’ అని ఒక అంకె వచ్చేది. జనవరిలో 31, మార్చిలో 64. ఎలా లెక్కగట్టారని అడిగితే గంటకు ఎన్నిసార్లు చేతులు ఆడించాడో, ఎంతసేపు కదలకుండా కూర్చున్నాడో చూపించారు. అదే మార్చిలో వాడు తన మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. మీ రిపోర్టులో దానికి గడి లేదు. భయం వేసినా సంతోషం పట్టలేకపోయినా చేతులు ఆడించి కుదుటపడేవాడు. ఆ దారి మూసేశాక పళ్లే మిగిలాయి.

ఏప్రిల్ చివర మరో ఆరు నెలలకు డబ్బు కట్టమన్నారు. కట్టలేదు. జూన్‌లో బడులు తెరిచాక, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి టీచరమ్మ అంతా విని, ముందు అటక మీది బోర్డులు దింపమన్నారు. మేం ఇన్నేళ్లలో గమనించనిది ఆమె వారంలో గమనించారు. చీపురుపల్లి బోర్డు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా వాడు అమ్మమ్మను అడుగుతున్నాడు. అమ్మమ్మది ఆ ఊరే. మీరు మా చేత దాచిపెట్టించింది వాడికున్న ఒక్క మాటను.

ఇప్పుడు అట్టముక్కల మీద బోర్డు రంగుల్లోనే నీళ్లు, అన్నం, చాలు, నొప్పి అని రాసి ఇచ్చాం. గత నెల ‘నొప్పి’ అట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, చెవి చూపించాడు. చెవిలో చీము. డాక్టరు మందు ఇచ్చారు, తగ్గింది. నయం చేయడమంటే నాకు తెలిసినది ఇదే. ఫిట్స్ వస్తే మందు వాడాలి, నిద్ర పట్టకపోతే కారణం చూడాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ రెండూ ఎక్కువే. బాధపెట్టేదాన్ని తగ్గించమని ఎవరినైనా అడుగుతాను. వాడి తీరునే తుడిచేయమని మాత్రం ఇక అడగను.

మీ మేనేజరు నన్ను నిలదీశారు: ‘మీ తర్వాత వీడికి దిక్కెవరు? నయం కానక్కర్లేదా?’ అది నేను రోజూ పడుకోబోయే ముందు వేసుకునే ప్రశ్న. నయం కావాలని తిరిగే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. నేనూ వారిలో ఒకణ్ణి. కానీ దానికి జవాబు మీ డబ్బాలో లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, ఆటిజం లాంటి వైకల్యం ఉండి పద్ధెనిమిదేళ్లు దాటినవారికి సంరక్షకుణ్ణి నియమించే కమిటీ ఉంది, అందులో కలెక్టరు ఉంటారు. అదే ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు ఇస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ సహాయం పొందే బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి. మీ కౌన్సెలరు వీటిలో ఒక్కటీ చెప్పలేదు.

బిడ్డలో వేరే బిడ్డ ఎవరూ దాగి లేరని, మీ ముందున్న బిడ్డనే దగ్గరికి తీసుకోమని 1993లోనే టొరంటో సదస్సులో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులకు చెప్పారు. సింక్లెయిర్ స్వయంగా ఆటిజం ఉన్న మనిషి. టీచరమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు నాకు మీ బోర్డే గుర్తొచ్చింది.

ఇక వీడియో. ‘64 శాతం విముక్తి పొందిన విజయనగరం బాలుడు’ అని మీరు ప్రచారం చేస్తున్నది మా అబ్బాయిని. డిపోలో తోటి కండక్టరు ఫోనులో చూపిస్తే తెలిసింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేం ఎక్కడా సంతకం చేయలేదు. చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. ఏప్రిల్ ఎండల్లో వాడికి పొడవు చేతుల చొక్కా తొడిగారు. ఆ చేతుల కింద ఏముందో మాకు తెలుసు, తొడిగినవారికీ తెలుసు.

ఆ వీడియోను ఈ లేఖ అందిన మూడు రోజుల్లో అన్నిచోట్లా తీసేయాలి. 1,63,600 రూపాయలు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మావాడి గురించి మీవాళ్లు రాసుకున్న ప్రతి కాగితం నకలు, ఆ పొడిలో ఏముందో రాతపూర్వకంగా మాకు పంపాలి. ‘నయం’, ‘విముక్తి’ అన్న మాటలు మీ బోర్డుల మీది నుంచి తొలగించాలి. లేకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉండే ఊళ్లోనే వేయవచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఉన్న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు మీ బోర్డు ఫొటో పంపుతాను.

జవాబు రిజిస్టరు పోస్టులో పంపండి. మీ శాఖ నుంచి ఇంటికి ఎవరినీ పంపవద్దు. నీలం కోటు వేసుకున్నవారు వీధిలో కనబడినా మావాడు రెండు చేతులూ వెనక్కి దాచుకుంటున్నాడు.

ఇట్లు,
బాబు తండ్రి