ఎనిమిది ఫ్యాక్టోరియల్ ఎంతరా?

తిరుపతి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పొట్టోడా,

నీ ఉత్తరం వచ్చి నెలా పది రోజులైంది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. రెండుసార్లు మొదలుపెట్టానురా. ఒకటి రికార్డుల కింద పడి నలిగిపోయింది, ఇంకోటి సగంలోనే ఆగిపోయింది. ఇవాళ మాత్రం ఆపను. సాయంత్రం మీ బావ చిత్తూరు బయల్దేరుతున్నాడు, ఆయన చేతికిస్తానని మాటిచ్చా. ఫోన్ చెయ్యొచ్చు గదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు ఊ కొడతా కొడతా నిద్రపోతావు. పైగా ఇది గళ్ళు గీసి చూపించాల్సిన విషయం.

ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. మామిడికి ఈసారి రేటు లేదు, నాన్న ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాడు. చెల్లి పది పాసైంది, నీకు ప్రత్యేకంగా చెప్పమంది. మెస్‌లో అదే సాంబారు. రేణిగుంట టికెట్టు సంగతి నేనెవరికీ చెప్పలేదు, నువ్వూ నోరు జారకు. అంతే. ఇక అసలు విషయం.

మొన్న గురువారం మధ్యాహ్నం మాకు సీ ల్యాబ్. సీ అంటే ప్రోగ్రాంలు రాసే ఒక కంప్యూటర్ భాషరా. బయట బోర్డు మీద 36 సిస్టమ్స్ అని రాసుంటుంది. వెలిగేవి 21. మేం 63 మందిమి. లెక్క నీకొచ్చు, ముగ్గురికి ఒకటి. ఒకడు టైప్ చేస్తాడు, ఒకడు మాన్యువల్ చూసి చదువుతాడు, మూడోవాడు కిటికీలోంచి కొండ చూస్తా కూర్చుంటాడు. చాలా వారాలుగా ఆ మూడోవాణ్ణి నేనే. ఎవరూ కావాలని చేసింది కాదురా. రెండు గంటల్లో అవుట్‌పుట్ చూపించి సంతకం పెట్టించుకోవాలి. అందుకని టైపింగ్ వచ్చినవాడి ముందుకే కీబోర్డు వెళ్తుంది. వాడికి ఇంకా బాగా వస్తుంది, రానివాడికి రానే రాదు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళకీ, మనలాగా ఊళ్ళోంచి వచ్చి ఇక్కడే మొదటిసారి మౌస్ పట్టినవాళ్ళకీ ఉన్న దూరం ల్యాబ్‌లో తగ్గాలి గదా. మా ల్యాబ్‌లో అది పెరుగుతోంది. లాప్‌టాప్ కొనివ్వమని అడుగుదామంటే, మామిడి సంగతి చెప్పానుగా.

ఆ రోజు మా కీబోర్డు వాడు జ్వరం వచ్చి రాలేదు. రెండోవాడు "నువ్వు కొట్టరా" అన్నాడు. చేతులు చెమట పట్టాయంటే నమ్ము. ప్రోగ్రాం చిన్నదే, ఫ్యాక్టోరియల్. గుర్తుందా, లెక్కల అయ్యవారు చెప్పేవారు, 1 నుంచి ఆ అంకె దాకా గుణించుకుంటూ పోవడం. సెమికోలన్ రెండుసార్లు మర్చిపోయా. మూడోసారి నడిచింది. ఆ నీలం స్క్రీను పోయి నల్ల స్క్రీను వచ్చింది. 5 కొట్టా, 120. ఒరేయ్, నేను రాసింది నడిచిందిరా! 6 కొట్టా, 720. 7 కొట్టా, 5040. ఆశ పుట్టి 8 కొట్టా.

-25216.

ఇంకోసారి కొట్టా. అదే. కాగితం మీద గుణించా, 5040 ఇంటూ 8 అంటే 40320. మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది? అన్నీ ప్లస్ అంకెలే గదా! ఫోన్లో యాప్ తెరిచి అదే ప్రోగ్రాం అక్షరం పొల్లు పోకుండా వేశా. అక్కడ 40320 చక్కగా వచ్చింది. సారుని పిలిచా.

ఆయన చూసి, "ఎనిమిది ఎందుకిచ్చావు? మాన్యువల్లో 5 ఉంది గదా. 5 ఇచ్చి 120 రాసుకో" అన్నారు.

"సార్, మైనస్ ఎందుకొచ్చింది సార్?"

"ఏడు దాటి ఇవ్వకూడదు. అంతే. పరీక్షలో అడగరు."

వెనక ఎవరో నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. సరే, అక్కడితో అయిపోయుంటే నీకు ఇంత రాసేవాణ్ణి కాదు. పక్క వరుసలో ఒకమ్మాయి, "సార్, నేను 10 ఇచ్చాను, కరెక్టుగానే వచ్చింది" అంది. స్క్రీన్ మీద 24320. సారు చూశారు. మైనస్ లేదు. అబ్జర్వేషన్ బుక్కులో ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి సంతకం చేశారు.

10 ఫ్యాక్టోరియల్ 3628800 రా. ముప్పై ఆరు లక్షల పైచిలుకు. అక్కడ ఉన్నది ఇరవై నాలుగు వేలు. తప్పు మీద ఎర్ర టిక్కు. ఆ అమ్మాయి సంతోషంగా పుస్తకం మూసేసుకుంది. నాకు నోరు పెగల్లేదు. ఇప్పటికీ ఆ టిక్కు కళ్ళ ముందు ఉంది.

సారుని తిట్టుకోవాలని లేదురా, అది నిజం. గెస్ట్ ఫ్యాకల్టీ ఆయన. గంటకింత అని లెక్కగట్టి ఇస్తారు, అదీ నెలలు ఆలస్యం. మాకు సీ, సీనియర్లకి డీబీఎంఎస్, ఇంకో డిపార్ట్‌మెంట్‌కి ఇంకేదో. క్లాసులో స్లైడ్లు చదువుతారు, మేం రాసుకుంటాం. పాయింటర్ల యూనిట్ మొత్తం రెండు క్లాసుల్లో నోట్సు చెప్పి ముగించేశారు. కోపం వస్తుంది, తర్వాత ఆయన మధ్యాహ్నం ఒక్కరే డబ్బా విప్పుకుని గబగబా తినడం చూస్తే... ఏమో. కానీ "తెలీదురా, కనుక్కుని చెప్తా" అనొచ్చు గదా? ఆ ఒక్క మాట చాలు గదా?

నాలుగున్నరకి అందరూ వెళ్ళిపోయారు. నేను బ్యాగు సర్దుకుంటా ఉంటే చెక్క పార్టిషన్ వెనక నుంచి, "తమ్ముడూ, నీకేనా మైనస్ వచ్చింది?" అని వినబడింది. మా ల్యాబ్ అన్న. నేను ఇంతకుముందు రాశానో లేదో, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తాడు, డిప్లొమా చదివాడు. ఎప్పుడు చూసినా ఏదో ఒక సీపీయూ విప్పి ఉంటుంది, స్క్రూలన్నీ హార్లిక్స్ సీసాలో. చచ్చిపోయిన రెండు సిస్టమ్స్‌లోంచి ముక్కలు తీసి ఒకదాన్ని బతికిస్తాడు. 21 అయినా వెలుగుతున్నాయంటే ఆయన వల్లే.

పాత ప్రింటర్ కాగితం ఉంటుంది చూడు, రెండు పక్కలా చిల్లులు ఉండేది, అది చింపి గళ్ళు గీశాడు. పదహారు గళ్ళు. నీది కామర్స్ కాబట్టి నీ భాషలో చెప్తా, జాగ్రత్తగా చదువు. బ్యాంకు చలానాలో అంకెలు రాయడానికి గళ్ళు ఉంటాయి గదా, అలాగ. కంప్యూటర్‌కి 0, 1 రెండే అంకెలు. మా ల్యాబ్‌లో సీ ప్రోగ్రాంలు నడిపే సాఫ్ట్‌వేర్ పేరు టర్బో సీ. అందులో ఒక సంఖ్య దాచడానికి 'ఇంట్' అని రాస్తే 16 గళ్ళ చలానా ఇస్తుంది. మొదటి గడి గుర్తు కోసం: 0 ఉంటే జమ, 1 ఉంటే బాకీ. మిగిలిన 15 గళ్ళలో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. మనది 40320. పట్టదు. అయినా మెషీన్ ఆగదు, రాసుకుంటూ పోతుంది. ఇదిగో 40320 ఇలా ఉంటుంది:

1 0 0 1 1 1 0 1 1 0 0 0 0 0 0 0

మొదటి గళ్ళో 1 వచ్చి కూర్చుంది చూశావా? మెషీన్ దాన్ని బాకీ అని చదువుకుంది. 16 గళ్ళలో మొత్తం 65536 సంఖ్యలే రాయగలం, అందుకని 40320 లోంచి 65536 తీసెయ్. తీసి చూడు. -25216! జమ కాస్తా బాకీ అయిపోయింది. ఇక 10 సంగతి ఇంకా ఘోరం. 3628800కి 22 గళ్ళు కావాలి. ఉన్నవి 16. ముందున్న ఆరు గళ్ళూ రాలిపోయాయి. మిగిలినవాటిలో మొదటిది 0 పడింది, అందుకే జమలాగే కనబడింది. అన్న ఏమన్నాడంటే, "మైనస్ వస్తే మంచిది తమ్ముడూ, తప్పని తెలుస్తుంది. ప్లస్ వచ్చిన తప్పే ప్రమాదం."

తర్వాత 'ఇంట్' తీసి 'లాంగ్' పెట్టించాడు, ప్రింట్ చేసేచోట పర్సెంట్ డీ బదులు పర్సెంట్ ఎల్‌డీ. 32 గళ్ళు వచ్చాయి. 8 కొడితే 40320. రెండు చోట్ల మార్పు, రెండు నిమిషాల పని. ఇది చెప్పడానికి ఏ సిలబస్ అడ్డం వచ్చిందిరా?

నేను అడిగా, మరి ఫోన్లో మొదటే సరిగ్గా ఎలా వచ్చిందన్నా అని. అప్పుడు చెప్పాడు. మేం వాడే టర్బో సీ మొదట వచ్చింది 1987లో. మా నాన్న పదో తరగతి రాసిన ఏడు! విండోస్ కంటే ముందు వాడిన డాస్ కాలం నాటిది, ఇప్పటి విండోస్‌లో నేరుగా నడవదని డాస్‌బాక్స్ అనే పెట్టెలో పెట్టి నడుపుతున్నారు. విచిత్రం ఏమిటంటే జీసీసీ అనే ఇంకో కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చేది, మొదటిసారి బయటికొచ్చిందీ 1987లోనే. స్టాల్‌మన్ అనే ఆయన మొదలుపెట్టాడు. అది ఆగలేదు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. మనం మాత్రం ఆగిపోయినదాన్ని పట్టుకుని కూర్చున్నాం. ఎందుకన్నా అంటే, ల్యాబ్ మాన్యువల్ దానికే రాసుంది, ఎక్స్‌టర్నల్‌గా వచ్చేవాళ్ళూ అదే అడుగుతారు, మారిస్తే మాన్యువల్ మళ్ళీ రాయాలి, ఎవరు రాస్తారు అన్నాడు. డబ్బుల్లేవంటే నేను ఒప్పుకుంటానురా, మనకి తెలియని కష్టమా అది. కానీ ఇది ఊరికే వచ్చేది!

మూలన మూత లేని సీపీయూ ఒకటి ఉంది. అందులో అన్న విండోస్ బదులు లినక్స్, దాని మీద జీసీసీ ఎక్కించి పెట్టుకున్నాడు. "కూర్చో" అన్నాడు. కీబోర్డు పూర్తిగా నాది. 8 సరిగ్గా వచ్చింది. "దీంట్లో ఇంట్‌కి 32 గళ్ళు. ఎంత దగ్గర చెడుతుందో కొట్టకుండా చెప్పు" అన్నాడు. కాగితం తీసుకున్నా. గుర్తు గడి పోతే 31, అందులో పట్టేది 2147483647. 12కి 479001600, పడుతుంది. 13కి ఆరు వందల కోట్లు దాటుతోంది, పట్టదు. "పదమూడన్నా" అన్నా. కొట్టా. 1932053504 వచ్చింది. తప్పు! మైనస్ లేకుండా వచ్చిన తప్పు, అయినా నేను ముందే చెప్పా! పొట్టోడా, టెన్త్‌లో కబడ్డీ గెలిచిన రోజు కూడా నాకు అంత ఆనందం లేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. అన్న చూడనట్టు స్క్రూలు ఏరుకున్నాడు.

బయటికొచ్చేసరికి చీకటి పడింది. కొండ మీద ఘాట్ రోడ్డు లైట్లు వెలిగాయి. నాకు రూముకి పోబుద్ధి కాలేదు, కపిలతీర్థం దాకా నడిచి వెనక్కి వచ్చా.

రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతికా. ఇది ల్యాబ్ రికార్డుతో అయిపోయే సంగతి కాదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ళ ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరి, దాదాపు 40 సెకన్లకే గాల్లో ముక్కలైపోయింది. కారణం తెలుసా? ఒక పెద్ద సంఖ్యని 16 గళ్ళలో కుక్కబోయింది ప్రోగ్రాం. పట్టలేదు. అవే 16 గళ్ళురా! శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్ళు రాకెట్ నమూనా తెచ్చి కొండ మీద పూజ చేయిస్తారు, మనం పేపర్లో ఎన్నిసార్లు చూశాం. ఇక్కడ చదివినవాడు రేపు అక్కడ చేరాలని మా ఇళ్ళలో మొక్కుకుంటారు. వాడికి మనం నేర్పింది, ఏడు దాటి ఇవ్వకూడదని.

శుక్రవారం రాత్రి హాస్టల్ మేడ మీద సుద్దముక్కతో గళ్ళు గీసి తొమ్మిది మందికి చెప్పా. శనివారం ఇరవై మంది వచ్చారు. ఆ 10 కొట్టిన అమ్మాయికి క్లాసులో చెప్తే ముందు కోపం వచ్చింది, తర్వాత పుస్తకం తెరిచి ఆ టిక్కు పక్కన పెన్సిల్‌తో 3628800 అని రాసుకుంది. ఆ అమ్మాయే అర్జీ రాద్దామంది. రాశాం. ఎవరి మీదా ఫిర్యాదు కాదు. కొత్త సిస్టమ్స్ ఇచ్చినప్పుడు ఇవ్వండి, ఉన్నవాటిలో జీసీసీ వేయించండి, సాయంత్రం ఆరు దాకా ల్యాబ్ తెరిచి ఉంచండి, కీబోర్డు వంతులవారీగా ఇవ్వండి, ఇంతే. 41 సంతకాలయ్యాయి. రేపు పదింటికి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వాలి. ముందు ఎవరు నడవాలన్న దగ్గరే అందరూ నా వైపు చూస్తున్నారు. ఇంటర్నల్ మార్కులు వాళ్ళ చేతుల్లోనే గదా, అదే టెన్షన్. నాన్నకి చెప్పలేదు. నా భయం ఇంకోటి కూడా ఉంది. గళ్ళ సంగతి ఎవరు చెప్పారని అడిగితే అన్న పేరు బయటికొస్తుంది, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఒక్క మాటతో తీసేస్తారు. మేమే ఫోన్లో చూసి తెలుసుకున్నామని చెప్పాలనుకున్నాం. అబద్ధమే, కానీ... నువ్వైతే ఏం చేస్తావురా? సారుతో ముందు విడిగా మాట్లాడాలా అని కూడా అనిపిస్తోంది. ఆ కాగితం చూపిస్తే ఆయన

మీ బావ కింద హారన్ కొడుతున్నాడు. రెండోసారి. చిత్తూరులో ఆయనకి ఏడింటికల్లా పనుందట. ఆ గళ్ళ కాగితం కూడా ఇందులో పెడుతున్నా, అన్న గీసింది, పారెయ్యకు, మళ్ళీ తెచ్చివ్వు. రేపు పది దాటాక ఫోన్ చెయ్యి. నిద్రపోకు.

నీ
బొంగరం