ఏం పని చేశావని అడగకుండా చెవి పరీక్షా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం జిల్లా పేజీలో వినికిడి శిబిరం విజయవంతమైందని ఫొటోతో వేశారు. ఆ వరుసలో కూర్చున్నవాళ్లలో మా బాపు ఉన్నాడు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మా బాపు ఇక్కడి ఆజంజాహి బట్టల మిల్లులో 2002లో అది మూతపడే దాకా సాంచాల (నేత యంత్రాల) మధ్య పనిచేశాడు. అక్కడ పక్కమనిషికి మాట చెప్పాలంటే చెవిలో అరవాలి, లేదంటే చేతితో సైగ చేయాలి. ఇప్పుడు గొంతు వినబడుతుంది గానీ మాట తెలియదు, పాలు కావాలా అంటే చాలు అంటాడు. శిబిరంలో ఏం చేశారు? వరండాలో కూర్చోబెట్టి, పైన ఫ్యాను, బయట జనరేటరు మోగుతుంటే హెడ్‌ఫోన్లు తగిలించి, రెండు నిమిషాల్లో ‘వయసు మీద పడింది, మామూలే’ అని రాసి పంపారు. ఇన్నేళ్లు ఏం పని చేశావు పెద్దాయనా అని ఒక్కరూ అడగలేదు.

తర్వాత హన్మకొండలో డబ్బులు పెట్టుకుని శబ్దం రాని గదిలో పరీక్ష చేయించాం. యంత్రాల మోత మొదట దెబ్బతీసేది 4000 హెర్ట్జ్ చుట్టూ ఉండే సన్నటి శబ్దాలను వినే శక్తినట. వినికిడి గ్రాఫులో అక్కడ గుంత పడి 8000 దగ్గర గీత మళ్లీ కొంచెం లేస్తుంది, వయసుతో వచ్చే చెవుడైతే చివరిదాకా జారుతూనే పోతుంది. ముసలితనంలో రెండూ కలిసిపోతే గీత చూసి చెప్పడం కష్టం, అందుకే మనిషిని పని గురించి అడగాలి. అడగడానికి మిషన్ కూడా అక్కర్లేదు కదా!

సిరిసిల్లలో సాంచాలు నడిపే మా బావ ఆ రోజు రాత్రి షిఫ్టు దిగి, చెవుల్లో గుయ్యిమంటుండగానే బస్సెక్కి నేరుగా శిబిరానికి వచ్చాడు. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి, లేకపోతే తాత్కాలికంగా మొద్దుబారిన చెవినే కొలిచినట్టవుతుంది. ఆ ముక్క ముందుగా చెప్పినవాళ్లు లేరు. రెండు చెవుల్లో లోపం 60 డెసిబెళ్లు ఉందా లేదా అన్నదాని మీద 2016 చట్టం కింద వికలాంగుడా కాదా తేలుతుంది. అలాంటి లెక్క వరండాలో తీస్తారా?

మోత వల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులోనే ఉండేది, డాక్టరు చూస్తే పైకి తెలియజేయాల్సిన జబ్బు అది. వయసు అని రాసేస్తే తెలియజేసే పనే ఉండదు. మిల్లులు, బొగ్గు బావులు, గ్రానైట్ క్వారీలు ఉన్న జిల్లాల్లో ఎంతమంది చెవులు ఇలా వయసు ఖాతాలో పోయాయో! పోనీ ఇప్పటి పిల్లల చెవులైనా కాపాడుతున్నారా అంటే అదీ లేదు. ఇళ్ల మధ్య రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000లోనే నిబంధన వచ్చింది, మా వీధిలో పెళ్లి బరాత్ డీజేకు కిటికీలు అదురుతాయి, ఫోన్ చేస్తే చూస్తామంటారు, తెల్లారుతుంది. శిబిరానికి ఎంతమంది వచ్చారో లెక్క చెప్పడానికి మాత్రం అధికారులు ముందుంటారు.

మా బాపు కాగితం మీద ఇప్పటికీ ‘వయసు’ అనే ఉంది. దాన్ని సరిదిద్దేది ఎవరో పేపర్లో చెప్పించండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి తీసుకొస్తాను.

— ఒక పాఠకురాలు, వరంగల్