సైన్స్ వీడియో అయ్యాక పిల్లల్ని మాట్లాడనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా కోనసీమలో సైన్స్ పాఠం ఇప్పుడు చాలావరకు తెర మీదే నడుస్తోంది. 2020 మార్చిలో కరోనాకి బడులు మూతపడ్డాక మొదలైన అలవాటు, 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చాక ఇంకా గట్టిపడింది. వీడియోలు వద్దని నేననను. గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బోర్డు మీద బొమ్మ కంటే అవే బాగా చూపిస్తాయి. ప్రభుత్వ దీక్ష యాప్‌లో పాఠాలు, ఓల్యాబ్స్ అనే వెబ్‌సైట్‌లో తెర మీద చేసే ప్రయోగాలు ఉచితంగానే దొరుకుతున్నాయి, ల్యాబ్ లేని బడికి అది చిన్న సాయమేమీ కాదు.

నా బెంగల్లా పిల్లలు నోరు విప్పడం మానేస్తున్నారనే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ ట్యూషన్‌లో సార్ "అర్థమైందా" అనగానే చాట్‌లో "యెస్ సర్" అని కొట్టేస్తుంది, అర్థమైనా కాకపోయినా అంతే, మైక్ ఎప్పుడూ మ్యూట్‌లోనే. అదే పిల్ల మొన్న ఆదివారం స్నేహితురాళ్లతో కలిసి మా అరుగు మీద మందార పూల రసంతో ఆమ్లాలు, క్షారాల ప్రయోగం చేసింది. నిమ్మరసం పోస్తే ఎర్రబడింది, సున్నపు తేట పోస్తే ఆకుపచ్చకు తిరిగింది, ఒకమ్మాయి గ్లాసులో మాత్రం రంగు సరిగా రాలేదు. "నువ్వు నీళ్లు ఎక్కువ కలిపేశావే" అని ఒకరు, "అదేం కాదు, సున్నం చాల్లేదు" అని ఇంకొకరు, మళ్లీ చేసి చూసేదాకా ఒకరినొకరు వదల్లేదు. ట్యాబ్‌లో నొక్కితే ప్రతిసారీ సరైన రంగే వస్తుంది, ఇక వాదించుకోవడానికి ఏముంటుంది చెప్పండి?

అందుకే టీచర్లకు, విద్యాశాఖ అధికారులకు నా విన్నపం. వీడియో పది నిమిషాలు వేసి మిగతా పీరియడ్ పిల్లలకు వదిలేయండి, నలుగురేసి కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎప్పుడూ మాట్లాడే పిల్లే మాట్లాడకుండా చూడండి, వెనక బెంచీలో మూగగా కూర్చునేవాళ్లకే ముందు అవకాశం ఇవ్వండి. మన ఊళ్ల చుట్టూ ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే కదా, రాత్రిళ్లు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో రైతునే అడిగి రమ్మనండి. చీకటి పడ్డాక నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పీల్చుకోవడం మాత్రం ఆగదు, తెల్లారుజాముకి నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ పాఠమంతా అందులోనే ఉంది, పైగా పెద్దవాళ్లతో "ఏవండీ, ఇదెందుకండీ" అని మాట్లాడే ధైర్యం వస్తుంది. ప్రాజెక్టు మార్కులు కూడా గైడు చూసి దింపిన కాగితాలకు కాకుండా, ఇలా అడిగొచ్చి క్లాసులో నిలబడి చెప్పినవాళ్లకు వేస్తే బాగుంటుంది.

— ఒక విద్యార్థిని తల్లి, అంబాజీపేట