ఆదివారం సత్సంగం, అందరూ రండి

అందరికీ నమస్కారం 🙏
ఆదివారం సాయంత్రం 5 గంటలకు సత్సంగం. ముందు కాసేపు మౌన ప్రార్థన. తర్వాత భగవద్గీత ఆరో అధ్యాయం, 5వ శ్లోకం: ఎవరిని వారే ఉద్ధరించుకోవాలి, తమకు తామే బంధువు, తామే శత్రువు.

మన పొదుపు నిధికి అసలు పునాది ఇదేనని నా నమ్మకం. దేవుడు చూస్తున్నాడన్న ఎరుక ఉన్నవాళ్లు లెక్కల పుస్తకంలో ఒక్క అంకె కూడా దాచరు, వాయిదా కోసం అడిగించుకోరు. అప్పుడే బయటి సాయం కోసం ఎదురుచూపులు తగ్గుతాయి.

మార్చుకోదలచిన అలవాటు ఒకటి కాగితం మీద రాసుకుని రండి, ఎవరికీ చూపించక్కర్లేదు. ఇతరులకు నేర్పగల పని (కుట్టు, కరెంటు రిపేరు, పిల్లలకు లెక్కలు, ఏదైనా సరే) శుక్రవారం లోపు ఇక్కడ పెట్టండి.

మర్చిపోవద్దు: పొదుపు పుస్తకం తెచ్చుకోండి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. రాలేనివాళ్లు ముందే చెప్పండి.