బొమ్మ కింద పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

జనవరి 27న మీ జిల్లా పేజీలో దివ్యాంగుల చిత్రకళా ప్రదర్శన ఫొటో ఒకటి వేశారు. గణతంత్ర దినోత్సవం సందర్భంగా పెట్టిన ప్రదర్శన అది. ఫొటో పెద్దదే, రంగుల్లో వచ్చింది, సంతోషం. దాని కింద వచ్చిన అతిథులందరి పేర్లూ హోదాలతో సహా వరసగా ఇచ్చారు. ఒకాయన ఇంటిపేరు తప్పు పడితే మర్నాడు సవరణ కూడా వేశారు. ఆ పేర్ల చివర ఉన్న మాటలివి: ‘దివ్యాంగ బాలిక గీసిన చిత్రాన్ని తిలకిస్తున్న దృశ్యం’. బొమ్మ పట్టుకుని మధ్యలో నిలబడ్డ పిల్లకి పేరు లేదు. బొమ్మకీ లేదు. పైగా ముఖ్య అతిథిగారి శాలువా అంచు బొమ్మలో కుడివైపు భాగాన్ని కప్పేసింది.

నేను తెనాలిలో ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు పోలియో వచ్చింది, కుడి కాలికి కాలిపర్, అంటే ఊతంగా ఉండే ఇనుప కడ్డీల పట్టీ, వేసుకుని నడుస్తాను. ఆదివారాలు మా వరండాలో పిల్లలకి బొమ్మలు నేర్పుతుంటాను. ఆ అమ్మాయి వాళ్లలో ఒకతి. పుట్టినప్పటి నుంచీ వినపడదు. తెలుగు చక్కగా చదువుతుంది, రాస్తుంది. వాళ్లమ్మ ఇంట్లో మిషను కుడుతుంది. ఆ రోజు పొద్దున్నే ఆవిడ పేపరు పట్టుకుని వచ్చి, “మాస్టారూ, మా అమ్మాయి ఫొటో పడింది” అని చూపించింది. పిల్ల మాత్రం ఫొటో కింద అక్షరాల మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా జరుపుకుంటూ పోయి, మళ్లీ మొదటికి వచ్చి, నా వైపు చూసి చెయ్యి తిప్పింది. ‘ఏదీ?’ అని.

ఆ బొమ్మ గురించి మీ విలేకరి రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నిర్వాహకులు ఇచ్చిన అంశం ‘నా దేశం’. స్కూల్లో జెండా వందనాన్ని ఈ పిల్ల వెనక నుంచి వేసింది. కాగితం నిండా జడలూ రిబ్బన్లూ యూనిఫాం వీపులే. జెండా పైన ఓ మూలన సగమే కనిపిస్తుంది, మిగతా సగం కాగితం దాటిపోయింది. తెల్ల రంగు ట్యూబు అయిపోవడంతో రిబ్బన్ల దగ్గర రంగు వేయకుండా కాగితాన్నే వదిలేసింది. దానితో అవి నిజంగానే ఎండలో మెరుస్తున్నట్టున్నాయి. నేను నేర్పింది కాదది. చివరి వరసలో ఒక్క పిల్ల మాత్రం తల కొంచెం పక్కకి వంచి ముందువాళ్ల భుజాలు చూస్తూ ఉంటుంది. ఎందుకలా అని అడిగితే కాగితం మీద రాసి చూపించింది. జనగణమన అయిపోయిందని తనకి తెలిసేది ముందువాళ్ల భుజాలు కిందికి జారినప్పుడేనట. బొమ్మకి ‘చివరి వరుస’ అని పేరు కూడా తనే పెట్టుకుంది.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన, “జెండా ఇంత చిన్నగా వేశావేంటమ్మా, థీమ్ దేశం కదా” అన్నారని వాళ్లమ్మ చెప్పింది. ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. మొదటి బహుమతి వచ్చిన బొమ్మలో మూడు రంగుల చక్రాల కుర్చీ ఉంది, దాని చక్రం స్థానంలో ఇరవై నాలుగు ఆకుల అశోక చక్రం. ఈ ఆలోచనతో వేసిన బొమ్మలు నా సర్వీసులో చాలానే చూశాను. పిల్లల తప్పేం లేదు. చాలాచోట్ల మాస్టర్లే పెన్సిలుతో గీసిచ్చేస్తారు, పిల్లలు రంగులు నింపుతారు. వైకల్యం ఉన్నవాళ్ల నుంచి ఎలాంటి బొమ్మ కావాలో మనం ముందే అనుకుంటాం. వాళ్లు అదే గీసిస్తే చప్పట్లు కొడతాం. వాళ్లకి కనిపించిన దేశాన్ని గీస్తే మాత్రం థీమ్‌లో లేదంటాం.

వైకల్యం ఉన్న పెద్ద కళాకారుల సంగతి చూడండి. బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో, హిందీ భవన్‌లో మూడు గోడల పైభాగమంతా ఒకే కుడ్యచిత్రం ఉంది. బినోద్ బిహారీ ముఖర్జీ 1946, 47ల్లో వేశారు. ఆయనకి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి దగ్గరగా ఉన్నవే ఆనేవి. ముందుగా పెద్ద కాగితం మీద నమూనా గీసుకుని గోడకి ఎక్కించుకోవడం లాంటిదేం లేకుండా, తడి సున్నం మీద నేరుగా వేసుకుంటూ పోయారు. దేశం రెండు ముక్కలవుతున్న రోజులవి. ఆ గోడల మీద ఆయన వేసింది మధ్యయుగాల భక్తుల్ని. రామానుజుడు, నేతపనివాడు కబీరు, తులసీదాసు, వాళ్ల చుట్టూ పనీపాటల్లో ఉన్న జనం. చూపు లేని సూరదాసు కూడా ఉన్నాడక్కడ. 1950ల్లో కంటి ఆపరేషను వికటించి ఉన్న చూపూ పోయింది. అప్పుడు కూడా ఆయన పని ఆపలేదు. రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, మట్టి బొమ్మలు చేశారు, 1972లో అక్కడి కళల విద్యాలయం కళాభవన్ గోడకి పలకలతో ఒక పెద్ద చిత్రం కూర్చారు. 1974లో పద్మవిభూషణ్ వచ్చింది.

చిత్రకారుడు సతీష్ గుజ్రాల్‌కి చిన్నతనంలోనే వినికిడి పోయింది. దేశ విభజన మీద ఆయన వేసిన బొమ్మల్లో ముసుగులు కప్పుకుని కూలబడ్డ మనుషుల్ని చూసినవాళ్లు మర్చిపోలేరు. ఢిల్లీ హైకోర్టు బయటి గోడ మీది చిత్రం ఆయనదే, అదే ఊళ్లో బెల్జియం రాయబార కార్యాలయం కట్టడం కూడా ఆయన గీసిన ప్లానే. వీళ్ల బొమ్మల కింద ‘ఒక అంధుడు గీసినది’, ‘ఒక బధిరుడు గీసినది’ అని రాస్తే ఎలా ఉంటుందో ఒకసారి అనుకోండి.

ఢిల్లీ, బెంగాల్ దాకా ఎందుకు, మన విజయనగరం సంగతే చూడండి. 1919లో అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల పుట్టింది. తన కొలువులో ఉన్న ఒకాయన కొడుకు చూపు లేని పిల్లవాడు కాబట్టి, అతను పాట నేర్చుకోవడం కోసం మహారాజు విజయరామ గజపతి ఆ కాలేజీ పెట్టించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. తర్వాత 1936లో ఆ కుర్చీలో కూర్చున్నవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆయనకీ చూపు మందమే. అయినా ద్వారం వారి ఫిడేలు అన్నామే గానీ చూపు మందమైనాయన ఫిడేలు అని ఎవరూ అనలేదు. ఒక్క పిల్లవాడి కోసం కాలేజీ పెట్టిన ప్రాంతం మనది. ఫొటో కింద ఒక్క పేరు వేయడం అంత కష్టమా?

పేరు వేయకపోవడం చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. మాకు అలా ఉండదు. నిరుడు ఇంకో చోట జరిగిన ప్రదర్శనకి నా దగ్గరి కుర్రాడు ఒకడు బొమ్మ ఇచ్చాడు. చేతి వేళ్లు సరిగ్గా పట్టవు వాడికి, బ్రష్‌ని మణికట్టుకి రబ్బరు బ్యాండుతో కట్టుకుని వేస్తాడు. కొండవీటి కోట వేశాడు. బొమ్మ తిరిగి రాలేదు. ఆర్నెల్ల తర్వాత ఒక కార్యక్రమం ఫ్లెక్సీ మీద కనిపించింది, పక్కన పెద్దమనుషుల ఫొటోలతో. పేరు లేదు, డబ్బు లేదు, ఒక ఫోను కూడా లేదు. వాడికి ఇచ్చినదల్లా ప్రశంసాపత్రం, అందులోనూ ఇంటిపేరు తప్పు. ఆ నిర్వాహకులెవరో రాయను. వాళ్లని నలుగురిలో తిట్టించాలని కాదు ఈ ఉత్తరం. కానీ బొమ్మ వేసినవాళ్లకి ‘ఇది నాది’ అని చెప్పుకునే హక్కు 1957 నాటి కాపీరైటు చట్టంలోనే ఉంది, 57వ సెక్షను. మిగతా హక్కులన్నీ అమ్ముకున్నా ఆ ఒక్కటీ పోదు. నోటితోనూ కాలితోనూ బొమ్మలు వేసేవాళ్లు 1950ల్లో అంతర్జాతీయంగా ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల కార్డులు, క్యాలెండర్లు మన ఇళ్లకీ పోస్టులో వచ్చేవి. జాలితో ఇచ్చే డబ్బు మాకొద్దు, పనికి డబ్బివ్వండి అన్నదే వాళ్ల మాట.

ఇంకో సంగతి. ఈ జనవరి ప్రదర్శన పెట్టింది మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లకి ఒక పక్కనే పట్టుకునే కమ్మీ ఉంది, అదీ ఎడమ పక్కన. నేను కింద బెంచీ మీద కూర్చుని, ‘చివరి వరుస’ వేసిన పిల్ల వాళ్లమ్మ ఫోనులో తీసుకొచ్చిన ఫొటోలు చూశాను. మూడు చక్రాల బండి మీద వచ్చిన ఒకాయన తన బొమ్మ గోడ మీద ఎలా ఉందో చూడకుండానే వెళ్లిపోయాడు. పైనేమో బ్యానరు మీద ‘అందరూ కలిసి నడుద్దాం’ అని రాశారట.

దేశభక్తి విషయంలో మాలాంటివాళ్ల కష్టం ఒకటి చెబుతాను, నవ్వుకోండి ఫర్వాలేదు. జనగణమన మొదలయ్యాక నేను కాలిపర్ లాక్ వేసుకుని, కర్ర ఊనుకుని లేచి నిలబడేసరికి ‘పంజాబ సింధు’ దాటిపోతుంది. పాట మొత్తం 52 సెకన్లే కదా. నా వెనకవాళ్ల చూపులు నా వీపుకి తెలుస్తాయి. గోవాలో 2016లో ఒక సినిమా హాల్లో, వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలో తిరిగే ఒకాయన గీతం వస్తుంటే లేవలేదని వెనక సీటువాళ్లు కొట్టారు. ఆ ఏడాది నవంబరు 30న హాళ్లలో గీతం వేయాలి, అందరూ నిలబడాలి అన్న సుప్రీంకోర్టు, డిసెంబరులో వైకల్యం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. 2018 జనవరికి హాళ్లలో గీతం వేయడమే తప్పనిసరి కాదంది. ఈ మధ్యలో 2017 ఆగస్టులో జాతీయగీతం సైగల భాషలో వీడియోగా వచ్చింది, అమితాబ్ బచ్చన్ పిల్లలతో కలిసి చేతులతో పాడారు అందులో. ‘చివరి వరుస’ వేసిన ఆ పిల్ల ఫోనులో అది చూసి మొత్తం నేర్చేసుకుంది. నాకూ నేర్పుతోంది. ‘జయ హే’ దగ్గర నా చేతులు తడబడుతుంటే కోప్పడుతుంది.

ఇక చట్టం మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షను పూర్తిగా సంస్కృతి, వినోదం గురించే. వైకల్యం ఉన్న కళాకారులకీ రచయితలకీ సదుపాయాలు కల్పించాలి, ఆర్థికంగా ఆసరా ఇవ్వాలి అంటుంది. కళలు వాళ్లకి అందేలా చూడాలంటుంది. కళల కోర్సులని వాళ్లు చేరి చదువుకోగలిగేలా మార్చాలంటుంది. వాళ్ల చరిత్ర చెప్పే మ్యూజియం కూడా పెట్టాలని అందులో ఉంది. ఏడాదికోసారి శాలువాలతో ఫొటో దిగమని మాత్రం ఎక్కడా లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్ల మంది, అందులో వినికిడి లోపం ఉన్నవాళ్లే 50 లక్షల పైన. అంతమందిలో చెయ్యి తిరిగినవాళ్లు ఎందరుంటారో, వాళ్లకి బ్రష్ పట్టుకోవడం నేర్పేదెవరో మీ విలేకరులు ఒకసారి స్కూళ్లకి వెళ్లి చూస్తే బాగుంటుంది. నేను రిటైరయ్యాక మా స్కూల్లో డ్రాయింగ్ పీరియడు లెక్కలకి పోయింది. లెక్కలు అక్కర్లేదని కాదు, వారానికి ఒక్క గంట బొమ్మలకి మిగల్చొచ్చు కదా.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇలాంటి ఫొటో వేసినప్పుడు ముందు బొమ్మ పేరు, వేసినవాళ్ల పేరు రాయండి, అతిథుల పేర్లు చోటు మిగిలితే రాయండి. వేసినవాళ్లకి వైకల్యం ఉందా, అది ఏమిటి అన్నది వాళ్లని అడిగి, వాళ్లు రాయమంటేనే రాయండి. ప్రదర్శన ఏ అంతస్తులో పెట్టారు, ర్యాంపు ఉందా, ఎన్ని బొమ్మలు అమ్ముడయ్యాయి అని నిర్వాహకుల్ని అడగండి. ఆ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఎందుకంటే చాలాచోట్ల అమ్మకం అనేదే ఉండదు, ధర చీటీ పెడితే ‘సేవా కార్యక్రమంలో వ్యాపారం ఏంటి మాస్టారూ’ అని నన్నే అడిగారొకరు. అదే సభకి షామియానా వేసినతనికీ మైకు సెట్టు పెట్టినతనికీ డబ్బులిచ్చారు. బొమ్మలు ఇచ్చినవాళ్లకి మాత్రం టిఫిను పెట్టి పంపారు.

ఆ పిల్ల పేరు ఈ ఉత్తరంలో రాయలేదు. అది రావాల్సిన చోటు ఇది కాదు. బొమ్మకి సరైన వెలుతురులో తీసిన ఫొటో, పిల్ల పేరు, బొమ్మ పేరు, కాగితం సైజు, పోస్టర్ కలర్స్ అన్న వివరం, ధర, వేసుకోవచ్చని వాళ్లమ్మ సంతకం, అన్నీ విడిగా కవరులో జతచేశాను. ధర నాలుగు వేలు. నేను రెండు వేలు అన్నాను, పిల్ల ఒప్పుకోలేదు. ‘జడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి’ అని రాసింది.

వచ్చే డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవానికి, మీ పత్రికే ఒక ప్రదర్శన పెట్టే ఆలోచన చేస్తే నేను వచ్చి పని చేస్తాను. కింది అంతస్తులోనే పెట్టండి. అంశం ఏమీ ఇవ్వకండి, వాళ్ల ఇష్టానికి వదిలేయండి. బొమ్మల్ని మరీ ఎత్తున వేలాడదీయకుండా, కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లకి ఆనేలా మేకులు కొట్టించండి. సైగల భాష తెలిసినవాళ్లు ఒకరు ఉండేలా చూడండి. లేబుళ్లు ఫ్లెక్సీ షాపులో వేయించనక్కర్లేదు, నేను రాసిపెడతాను. బ్లాక్ బోర్డు మీద రాసీ రాసీ నా చేతిరాత ఇప్పటికీ బాగానే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి.